రాత్రి షిఫ్టు పాట

"ఆ పాటని చంపేస్తా ఉండావమ్మా. కొంచెం ఆపు."

మారికుప్పం నుంచి బెంగళూరుకు పోయే పొద్దుటి ప్యాసింజరు అది. కిటికీ పక్కన కూర్చుని తనలో తాను పాడుకుంటున్న కుముద తల తిప్పి చూసింది. ఎదురు సీట్లో ఒక అబ్బాయి. మెడలో ఐడీ కార్డు, ఒళ్ళో బ్యాగు, కళ్ళల్లో ఇంకా తీరని నిద్ర.

"నాతోనేనా మాట్లాడేది?"

"బత్తీ బ్రదర్స్ పాట కదా అది? అంత స్పీడుగా పాడతారా యాడైనా? మెల్లగా, జోలపాట మాదిరి పాడాల."

"జోలపాటా? అది డాన్సు పాటండీ. మీ చెవుల్లో టేపు సాగిపోయిందేమో చూసుకోండి."

బోగీలో నలుగురు నవ్వినారు. అబ్బాయి మొహం ఎర్రబడింది. బంగారుపేట వచ్చేదాకా ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టు నటించినారు. కిటికీ అద్దంలో మాత్రం బాగానే చూసుకున్నారు.

అబ్బాయి పేరు రామచంద్ర. వైట్‌ఫీల్డులో ఒక కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరు. కుముద అదే వైపు ఒక బ్యాంకులో ఆఫీసరు. ఇద్దరూ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో పుట్టినవాళ్ళే, ఇద్దరికీ బత్తీ బ్రదర్సంటే పిచ్చి. పిచ్చి ఒకటే అయినా పాట మాత్రం రెండయింది.

బత్తీ బ్రదర్స్ అన్నదమ్ములు కారు, చుట్టాలూ కారు. ఇద్దరూ గని కార్మికులు. హనుమప్ప మాండలిన్ వాయిస్తాడు. సుబ్బరాయప్ప టిఫిన్ క్యారియర్ గిన్నెలు విడదీసి, చెంచాలతో దరువేస్తాడు. గనిలో దిగేటప్పటి బత్తి హెల్మెట్లతోనే స్టేజి ఎక్కుతారు. హాల్లో లైట్లన్నీ ఆర్పిస్తారు. ఎవరు పాడితే వాళ్ళ నెత్తిమీది బత్తి వెలుగుతుంది. సగం పాటలో ఒకాయన ఇంకొకాయన బత్తి ఆర్పేసి తాను అందుకుంటాడు, ఈలలతో పైకప్పు లేచిపోతుంది. పింఛను తీసుకున్న ఎలుక మీద పాట, కొళాయి దగ్గర క్యూ వదలని అత్త మీద పాట, బంగారుపేటకు పెండ్లిచూపులకు పోయి రైలు తప్పిపోయినవాడి మీద పాట. అట్లా ముప్పై ఏండ్లు నవ్వించినారు. గని మూతపడే ముందు విడిపోయినారు.

అన్నింటికంటే పెద్ద పాట మాత్రం కేసెట్‌కు ఎక్కనే లేదు. పని ముగించి పైకి వచ్చే మొగుడు పెండ్లానికి పాడే పాట. రైల్లో తగువంతా దానిమీదే.

*పైకొస్తా ఉండా, పొయ్యి ముట్టించే పిల్లా,*
*భూమి కింద చీకటంతా జేబులో తెస్తా ఉండా.*

రోజూ అదే రైలు, అదే సీటు, అదే తగువు. టేకల్ స్టేషను దాటినాక ఒకరోజు వాన పట్టుకుంది. కిటికీ షట్టరు దిగనంటే దిగనంది. కుముద చున్నీ తడుస్తా ఉంటే రామచంద్ర లేచి తన సీటిచ్చి, తాను వానకు ఎదురుగా కూర్చున్నాడు.

"జలుబు చేస్తుంది," అనింది కుముద.

"చేస్తే స్పీడుగా పాడమనవులే ఇంగ."

"సరే, తడిసినందుకు ఒకసారి మీ జోలపాట వింటాను. పాడండి."

వాన చప్పుడులో, ఆమెకు మాత్రమే వినిపించేటట్టు పాడినాడు. పాట అయిపోయినాక కూడా కుముద కిటికీ బయటికే చూస్తా ఉండిపోయింది.

"ఎవరు నేర్పినారు మీకిది?"

"నాయన. పంపుహౌసులో రాత్రి షిఫ్టు. అడిగి మరీ రాత్రి షిఫ్టే వేయించుకునేవాడు. పొద్దున పైకి వచ్చినవాళ్ళ కోసం బత్తీ బ్రదర్స్ పదిగంటలకు ఇంకొక ప్రోగ్రాం చేసేవాళ్ళు. చుట్టూ కార్మికుల ఇళ్ళ లైన్లలో జనం పండుకుని ఉంటారని టిఫిన్ క్యారియర్ కొట్టేవాళ్ళు కాదు. ఉత్త మాండలినే."

తన తండ్రి షిఫ్టు గుర్తొచ్చి కుముద నోరు తెరిచింది. "మా అప్ప టైమాఫీసులో హాజరు రాసే క్లర్కు. పగటి ఉద్యోగం. మేము పోయింది సాయంత్రం ప్రోగ్రాంకే."

అంటే ఇద్దరూ కరెక్టే. ఏ షిఫ్టు ఇంట్లో పుడితే ఆ షిఫ్టు పాట. రెండు ప్రోగ్రాంలూ చూసినవాడు ఊళ్ళోనే లేడు. ఒకరు మేలుకునే పొద్దుకు ఇంకొకరు పడుకునేవాళ్ళు కదా.

"ఇద్దరినీ మళ్ళీ ఒక స్టేజి ఎక్కించాల," అనింది కుముద. "నేను మాస్తికి పోయి సుబ్బరాయప్పను పిలుస్తాను. నువ్వు నంగలికి పోయి హనుమప్పను పిలువు." మీరు పోయి నువ్వు వచ్చేసింది. ఇద్దరూ గమనించనట్టు ఊరుకున్నారు.

హాలు దొరికింది. ఫోన్లలో గ్రూపు కట్టి ఊరంతా చాటినారు. బెంగళూరు, హోసూరు నుంచి కూడా పాత అభిమానులు దిగినారు. కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడినారు. ఎవరి నోట విన్నా ఎలుక పాటే.

ముందు వరసలో ఆ చివర హనుమప్ప, ఈ చివర సుబ్బరాయప్ప. ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇతన్ని ఎవురు పిలిచింది?" అన్నాడు సుబ్బరాయప్ప. "పైకొస్తా ఉండా పాటని బిరబిరా పాడిస్తామని ఈ పాప మాటిచ్చింది, వచ్చినాను."

"మెల్లగా పాడిస్తామని ఈ అబ్బాయి మాటిచ్చినాడు నాకు," అన్నాడు హనుమప్ప. "కడపటి కేసెట్‌లో ఈ పాట ఎట్లా పాడాలనే కదప్పా మనం విడిపోయింది. ఇప్పుడు నేను తగ్గేది లేదు."

ఇద్దరు ముసలాయనలూ చేతికర్రలు అందుకున్నారు. ఈ రోజు పోయినారంటే ఇంగ కలవరని హాలంతటికీ తెలుసు.

రామచంద్రను స్టేజి పక్కకు లాక్కుపోయింది కుముద. "ఆయనకు మాటిచ్చినట్టు నాకు ఒక మాట చెప్పలేదే నువ్వు."

"నువ్వు చెప్పినావా?"

"నీ పాటే గొప్పదని మొండికేసేది నువ్వే."

"సరే. నీ పాట నీకు, నా పాట నాకు. రేపట్నుంచి వేరే బోగీ ఎక్కుతాలే."

అనేసి అటు తిరిగినాడు. కుముదకు రేపటి రైల్లో ఎదురు సీటు ఖాళీగా కళ్ళ ముందు కనపడింది. అంతే, మెట్లెక్కి మైకు దగ్గరకు పోయింది.

పాడింది. బిరబిరా కాదు. మెల్లగా. వానలో విన్నట్టే.

హాలు గుసగుసలు మానేసింది. గోడకు ఆనుకున్నవాళ్ళల్లో కొందరు, రాత్రి షిఫ్టు ఇళ్ళవాళ్ళు, కండ్లు మూసుకున్నారు. రామచంద్ర కదలకుండా నిలబడిపోయినాడు.

రెండో పాదంలో కుముద తడబడింది. హనుమప్ప ఉండబట్టలేక లేచినాడు.

"అట్లా కాదమ్మా. 'చీకటంతా' అన్నకాడ ఊపిరి తియ్యగూడదు. జరుగు."

తాను తెచ్చుకున్న హెల్మెట్ పెట్టుకున్నాడు, మాండలిన్ అందుకున్నాడు. ఎవరో హాలు లైట్లు ఆర్పినారు. ఒక బత్తి వెలిగింది. గొంతు వణికింది గానీ పాట వణకలేదు.

రామచంద్రకు అప్పుడు ఉపాయం తట్టింది. పరిగెత్తి సుబ్బరాయప్ప తెచ్చిన టిఫిన్ క్యారియర్ గిన్నెలు పరిచి, చెంచాలతో బిరబిరా దరువెయ్యడం మొదలుపెట్టినాడు. వినలేనంత ఘోరంగా ఉండింది.

"ఏమప్పా, గిన్నెలు కడుగుతుండావా?" సుబ్బరాయప్ప మెట్లెక్కి వచ్చేసినాడు. "ఇట్లా ఇయ్యి."

చెంచాలు లాక్కున్నాడు. నేరుగా పోయి హనుమప్ప నెత్తిమీది బత్తి టక్కుమని ఆర్పేసి, తన హెల్మెట్ పెట్టుకుని బత్తి వెలిగించుకుని, పాటను పరిగెత్తించినాడు. హాలు లేచి నిలబడింది. హనుమప్ప ఊరుకుంటాడా? ఆ బత్తి ఆర్పి, పాటను మళ్ళీ నడిపించినాడు. ఒక చరణం పొద్దుటిది, ఒక చరణం సాయంత్రంది. రాత్రి షిఫ్టు పిల్లలు ఒక పక్క, పగటి షిఫ్టు పిల్లలు ఒక పక్క గొంతు కలిపినారు. చివరికి ఇద్దరు ముసలాయనలూ నవ్వు ఆపుకోలేక ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడినారు. రెండు బత్తులూ వెలుగుతానే ఉండాయి.

ఈలల మధ్య కుముద వాళ్ళ అప్ప ప్రహ్లాద స్టేజి మెట్ల దగ్గరకు వచ్చినాడు.

"మనది పగటి షిఫ్టు ఇల్లు కదమ్మా. మనింట్లో ఎవరికీ రాని పాట నీకెట్లా వచ్చింది?"

కుముద చున్నీ కొన వేలికి చుట్టుకుంది. "ట్రైన్లో, అప్పా."

"ట్రైను నేర్పిందా?"

"ఈయన నేర్పినాడు." పక్కనున్న రామచంద్ర వైపు చూసింది. "ఈయన నా ఎదురు సీట్లోనే కూర్చోవాల అప్పా, ఎప్పటికీ. నాకు వేరే బోగీ వద్దు."

రామచంద్ర మింగిన గుటక వెనక వరసకు కూడా వినిపించి ఉంటుంది.

"ఎవరి అబ్బాయివప్పా?" అన్నాడు ప్రహ్లాద.

"పంపుహౌసు చిన్నన్న కొడుకును, సార్."

"చిన్నన్నా? ఆయన పేరు ఎన్నేండ్లు రాసినానో హాజరులో. మొహం మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. నేను వచ్చే టైముకు ఆయన ఇంటికి పోయి ఉండేవాడు." ప్రహ్లాద కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడైనా చూడాల. ఆదివారం పగలు పిలుచుకుని రా మా ఇంటికి."

"పగలు రాలేడు సార్. గని మూసినా ఆయన షిఫ్టు మారలేదు. ఇప్పటికీ రాత్రంతా మేలుకుని, పగలు నిద్రపోతాడు."

ప్రహ్లాద కూతురి మొహం చూసినాడు. అబ్బాయి మొహం చూసినాడు.

"అయితే మేమే వస్తాములే. సాయంకాలం, ఆయన లేచే పొద్దుకు. కుముద వాళ్ళమ్మను కూడా పిలుచుకుని వస్తాను."

"సరే సార్," అన్నాడు రామచంద్ర.

స్టేజి మీద సుబ్బరాయప్ప చెవి ఇటే వేసి ఉన్నాడు. మైకు ఆపలేదు.

"సార్ ఏందప్పా," అన్నాడు హాలంతా వినేటట్టు. "మామా అను."