బతికున్న బ్యాటరీ

“అన్నా, ఆ సూది కింద పెట్టు!”

తొర్రూరు బస్టాండు ఎదుట ఫోన్లు బాగుచేసే అజిత్ తలెత్తాడు. చేతిలో పూరీలా ఉబ్బిన ఫోను బ్యాటరీ. సూది గుచ్చి గాలి తీయబోతున్నాడు. అది గొప్ప విద్యని అతని నమ్మకం. అలాంటి నమ్మకాలు అతనికి చాలా ఉండేవి. తాను అందగాడినన్నది వాటిలో ఒకటి.

“గాలి తీస్తె మళ్ల పనిచేస్తది మేడం.”

“చేస్తది. నీ షాపు, నీ మీసాలు అన్ని కాలవెడ్తది.”

ఆమె అరుంధతి. ఊరూరా పాత లిథియం బ్యాటరీలు సేకరించి వరంగల్‌లోని రీసైక్లింగ్ కేంద్రానికి చేర్చే ఆటో ఆమెది. ఉబ్బినదాన్ని మెల్లగా అందుకుని ఆటోలోని పొడి ఇసుక డబ్బాలో పెట్టింది. తర్వాత కౌంటరు కింద ఉన్న గోనెసంచి చూసింది.

“ఇన్ని పాతవి ఏంజేస్తవ్?”

“చెత్త ట్రాక్టర్ల ఏస్త.”

“మొన్న ట్రాక్టర్ల మంట లేసింది నీ పుణ్యమేనా?”

అజిత్ అందంగా నవ్వాననుకున్నాడు. ఆమెకు దొంగ దొరికినట్టు కనిపించింది.

ఆమె ఒక్కొక్కదానికి మీటరు పెట్టి, ఎంత చార్జింగుందో చూసి, కొనలకు టేపు అంటించింది. “గిట్ల, ఒకదానికొకటి తాకకుండ పెట్టాలె. లోపలి లోహం మళ్ల కొత్త బ్యాటరీలకు పనికొస్తది. మంగళవారం వస్త. సరుకుంటెనే ఆగుత, అన్నా.”

సరుకుంటేనే! ఆ మాట పట్టుకున్నాడు. చివరి మాట విననట్టే ఉన్నాడు.

ఆనాటి నుంచి చచ్చిన బ్యాటరీ కోసం అతను తిరగని గల్లీ లేదు. తోటి షాపులవాళ్లు “సమాజసేవనా?” అంటే గంభీరంగా తలూపేవాడు. ప్రతి మంగళవారం ఆటో ఆగేది. “టేపు మంచిగేసినవ్” అని ఆమె అన్న రోజు, పదో తరగతి పాసైననాటి కన్నా ఎక్కువ మురిశాడు. అది రెండోసారి రాస్తే పాసైంది లెండి.

చివరికి ఊళ్లో చచ్చినవి అయిపోయాయి. మంగళవారం వచ్చింది. వాన కూడా వచ్చింది. పాతవి దాచే డబ్బా మాత్రం ఖాళీ. అజిత్ తన ఫోను మూత ఊడదీసి, బ్యాటరీ పీకి టేపు వేశాడు.

అరుంధతి టేపు ఒలిచి మీటరు పెట్టింది. మీటరు వంక చూసింది. అతని వంక చూసింది.

“గిది బతికే ఉంది గదా!”

“జర నీరసంగ...”

“నిండ చార్జింగున్నది. ఎవరిది?”

కౌంటరు మీద నోరు తెరిచి పడున్న ఫోను జవాబు చెప్పింది.

“నాదే,” అన్నాడు అజిత్. “సరుకు లేకుంటె మీరు ఆగరు గదా. మీరు ఆగకుంటె నాకు వారమంత పరేషాన్.”

“మంచిదాన్ని పీకి నాకిస్తవా? తెలివుందా?”

“ఉంటె సూదితోని గుచ్చుదునా?”

ఆమె ఆపుకోలేక నవ్వింది. ఆటో పైకప్పు మీద వాన దంచుతోంది. ఆమె బ్యాటరీని తిరిగి అతని అరచేతిలో పెట్టింది.

“జల్ది బిగించుకో, అజిత్.”

వెనక ‘అన్నా’ వస్తుందేమోనని ఆగాడు. రాలేదు.

“ఎందుకు?”

“ఇంట్ల చెప్పిన. నీ నంబరిచ్చిన. సాయంత్రం మా బాపు ఫోన్ చేస్తడు. స్విచాఫ్ వస్తె రెండోసారి చేసే మనిషి గాదు.”

మరమ్మతులో తనంతవాడు లేడని బోర్డు రాయించుకున్నవాడికి సొంత ఫోను మూత ఏ వైపు పెట్టాలో తెలియలేదు. అరుంధతే తీసుకుని బిగించింది.