ఇత్తడి దీపం, పచ్చ తీగ

విద్యావినయసంపన్నురాలని వీధంతా కొనియాడే ఆ ఫిజిక్స్ లెక్చరరుకు విద్య సంపూర్ణంగానే అబ్బింది. వినయం సంగతి ఎలక్ట్రీషియన్‌నడిగి తెలుసుకోవాలి.

ఆమె ముచ్చటపడి కొన్న ఇత్తడి దీపాన్ని చంకన పెట్టుకొని, అతడు నిచ్చెనెక్కి హాలు కప్పులోని పాత వైర్ల పెట్టెను పరీక్షించాడు.

"మేడమ్, రెండే వైర్లున్నాయి. ఎర్త్ లేదు. ఇత్తడికి షాకు రాకుండా కాపాడే ఈ పచ్చ వైరు దేనికి కలపను? కొత్తగా ఎర్త్ లాగాలి, లేదా ప్లాస్టిక్ లైటు పెట్టుకోండి."

"ప్లాస్టిక్కా! న్యూట్రల్‌కి కలిపేయండి. అదీ సున్నా వోల్టులే, ఇదీ సున్నా వోల్టులే."

"పుస్తకంలో సున్నానే. పాత వైరు ఆ పుస్తకం చదవలేదండీ."

"మీరెంతవరకు చదివారో?"

"షాకు కొట్టేంతవరకు."

ఆ పని చేయనని చెప్పి అతడు వెళ్ళిపోయాడు. వెళుతూ రెండుసార్లు వెనుదిరిగి చూశాడు, దీపాన్నేనని నమ్ముదాం.

ఆమె స్వహస్తాలతో పచ్చ తీగను న్యూట్రల్‌కు ముడివేసింది. దీపం దేదీప్యమానంగా వెలిగింది. మూడు రోజులు ఆమె పాదాలు నేలనానలేదు.

నాలుగో ఉదయం, ఎవరూ పిలవకుండానే, వానలో తడుస్తూ అతడు వచ్చాడు. హాల్లో దీపం ఆరిపోయి ఉంది. బల్బు పోయిందనుకొన్న ఆమె తాతయ్య స్టూలెక్కి చెయ్యి చాపుతున్నారు.

"తాతయ్యగారూ, ముట్టుకోకండి!"

ఇత్తడికి ఆనించగానే టెస్టర్ ఎర్రగా వెలిగింది. పాత జాయింటులో, కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్ తెగింది. స్విచ్ వేసే ఉంది. బల్బు దాటిన కరెంటు పచ్చ తీగ వెంట దీపం ఒంటికంతా పాకింది. అతడు మెయిన్ ఆపాడు.

"'నేను చెప్పలేదా' అనరేం?" అంది ఆమె.

"తాతయ్యగారు దక్కారు. ఇంకేం అనను."

లెక్చరరు జీవితంలో మొదటిసారి ఒకరికి నూటికి నూరు మార్కులు వేసింది.

ఎర్త్ లాగడం రెండు రోజుల పని. ఆ కార్యదక్షుడికి తొమ్మిది రోజులు పట్టింది. ఆమె సెలవు పెట్టి మరీ నిచ్చెన పట్టుకొంది. అంతవరకు ఆ నిచ్చెన ఏనాడూ ఊగిన పాపాన పోలేదు.

"అమ్మాయీ," అన్నారు తాతయ్య తొమ్మిదోనాడు, "ఉన్నవి అయిదు లైట్లు. అయిదూ వెలుగుతున్నాయి. ఈ అబ్బాయి ఇంకా పైనేం చేస్తున్నాడే?"

అతడు కప్పువైపే చూస్తూ, "పని అయిపోయిందండీ. వెళ్ళబుద్ధి కావడం లేదు," అన్నాడు.

"నువ్వేమంటావే?"

"వెళ్ళొద్దంటాను తాతయ్యా."

"అయితే కిందికి దిగు నాయనా," అన్నారాయన కుర్చీ జరుపుతూ. "మనవరాలి మొగుణ్ణి నిచ్చెన మీద నిలబెట్టి మాట్లాడితే మర్యాదగా ఉండదు."