కస్టర్డ్ బొమ్మ కోసం చీకటి మెట్లెక్కితే

ఆ పాత మేడ మెట్లకు మంచి పేరు లేదు. పొద్దుగూకితే అక్కడ ఎవరో మూలుగుతారట. పాలవాడు కూడా సీసాలు కిందే పెట్టేసి, వెనక్కి చూడకుండా పోతాడట.

మా ఆయనకు భయం ఎక్కువ. బల్లి అరిచినా ఉలిక్కిపడతారు. కానీ పిచ్చి అంతకన్నా ఎక్కువ. ఆమ్లెట్టు, జామ్ పూసిన బ్రెడ్డు, కరుగుతున్న ఐస్‌క్రీం... తినేవి కావు, కాగితం మీద అచ్చేసిన అరచేతంత బొమ్మలు! మా భోజనాల గది గోడ నిండా అవే.

ఆ గోడ మీద ఒక్క చోటే ఖాళీ. అక్కడికి కస్టర్డ్ రావాలి. బొమ్మలు గీసే ఆవిడ ఉండేది ఆ మేడ పైనే. మొదటి అచ్చు ఇంకెవరు తన్నుకుపోతారోనని ఈయనకు కంటి మీద కునుకు లేదు. చివరికి ఒక సాయంత్రం బయల్దేరారు.

తర్వాతదంతా ఆయన చెప్పగా విన్నదే.

మెట్ల దగ్గర బల్బు పోయింది. గోడ తడుముకుంటూ ఎక్కుతున్నారు... మలుపు తిరిగారు... చల్లటి చెయ్యి ఒకటి ఆయన కాలు పట్టుకుంది.

"ఆకలి..."

పైప్రాణాలు పైనే పోయాయి.

"బొమ్మ... అయిపోయిందా?" అని మళ్లీ గుసగుస.

"నేనూ... అదే అడగడానికొచ్చాను," అన్నారట మా ఆయన — దెయ్యంతో!

అంతలో పైన తలుపు తెరుచుకుంది. వెలుతురు పడింది. మెట్టు మీద ఒక బక్కపలచటి మనిషి, చేతిలో చెంచా. ఆ చిత్రకారిణి మొగుడు!

"బొమ్మ పూర్తయ్యేదాకా కస్టర్డ్ ముట్టుకోకూడదండీ," అన్నాడట కళ్లనీళ్లతో. "లోపలుంటే ఆగలేనని నన్నిక్కడికి తోలేసింది. ఐస్‌క్రీం బొమ్మప్పుడు నాకు దక్కింది తియ్యటి నీళ్లే. మీకు దణ్ణం పెడతాను, కొనడం మానెయ్యండి బాబూ!"

వింటేనే నాకు కడుపు తరుక్కుపోయింది. ఈయన మాత్రం, "ఆవిడ గీస్తుంటే కాస్త చూడొచ్చా?" అని అతన్ని దాటుకుని పైకి పోయారట.

కస్టర్డ్ గోడెక్కింది. అక్కడితో ఆగితే ఆయన మా ఆయనెందుకవుతారు? కుంచెలు కొన్నారు.

ఇప్పుడు మా వీధిలో చీకటి పడితే మా గుమ్మం ముందు నుంచి ఎవరూ నడవడం లేదు. లోపల ఏదో ఆడదెయ్యం "అయిందా... అయిందా..." అని మూలుగుతోందట.

ఆ మూలిగేది నేనేనమ్మా! సూపు ఎప్పుడో చల్లారిపోయింది... ఆయన ఇంకా దాని మీది పొగలు గీస్తున్నారు.