చిన్న బండలో మిగిలిన కంపు

"ఇంకా వేగాలి," అంది గోడమీది ముక్కుబిళ్ళ.

మేఘన గరిటె పట్టుకుని బాణలి ముందే నిలబడింది. ఆవాలు చిటపటలాడి ఊరుకున్నాయి. ఎండుమిరపకాయలు నల్లబడ్డాయి. పొగ వంటింటి కిటికీలోంచి ప్రహరీ దాటి, పక్కింటి అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న హాసినమ్మ దాకా వచ్చింది.

"ఒసే మేఘనా, పోపు మాడిపోతందే!"

"లేదత్తా. ఇంకా వేగాలని బిళ్ళ చెప్తంది."

"బాణలి నీ ముక్కు కింద పెట్టుకుని గోడనడుగుతావేంటే? ఆ ముక్కు పుడక పెట్టుకోడానికేనా?"

మేఘన నవ్వేసింది గాని బాణలి దించలేదు. ఆమెను తప్పుపట్టడానికీ లేదు. ముక్కుబిళ్ళలు వచ్చి పాతికేళ్ళు దాటింది. అరచేతిలో పట్టేంత బిళ్ళ, దాని ముఖాన కంటికి ఆనని సన్నపు జల్లెడ. పాలు విరగబోతున్నాయని, బియ్యం ముక్కిపోయాయని, పోపు దించవచ్చని అదే చెబుతుంది. గ్యాసు వెంట్రుకవాసి కారినా ఊరంతా వినబడేలా అరుస్తుంది. వాసన చూడటమనే పనిని మనుషులు దానికి అప్పజెప్పి తీరిగ్గా ఉన్నారు.

పట్నాల్లో ఎప్పుడో కరెంటు పొయ్యిలు వచ్చేశాయి. కృష్ణ పాయల మధ్యనున్న ఆ లంకలో మాత్రం గాలివాన వస్తే పది రోజులు కరెంటుండదు కనుక గ్యాసు బండలు మిగిలాయి. అసలు గ్యాసుకు తనకంటూ వాసన లేదు. కారితే తెలియాలని పూర్వం దానిలో కంపు కలిపేవారు. బిళ్ళలు వచ్చాక ఈ కంపు మాకెందుకని జనం గొడవపెట్టారు. ఇరవై రెండేళ్ళ కిందట కలపడం మానేశారు. కంపు పోయిందని ఏడ్చేవాళ్ళెవరుంటారు?

ఒకరున్నారు.

పదిగంటల వేళ సౌరపడవ దిగి ఒక అమ్మాయి హాసినమ్మ గుమ్మంలోకి వచ్చింది. పేరు ధ్రువిక. గ్యాసు క్షేమశాఖలో పరిశీలకురాలు.

"మామ్మగారూ, ఏటా ఇదే తేదీన, ఇదే వేళకు మీ బిళ్ళ ఒక్కసారి అరిచి ఊరుకుంటోంది. నిజంగా కారితే అలా ఊరుకోదు. ఎవరో కావాలని బండ మర తిప్పుతున్నట్టుంది."

"దొంగను పనిమీదుండగానే పట్టుకుందామని వచ్చావన్నమాట. కూచో. మజ్జిగ తాగుతావా?"

ధ్రువిక కూర్చోలేదు. "మీ దగ్గర పాతకాలం చిన్న బండ ఒకటుందట. దాని గడువు తీరి చాలా ఏళ్ళయింది. అది తీసుకెళ్ళడానికే వచ్చాను."

హాసినమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "ఇంట్లో ఏదన్నా పట్టుకుపో తల్లీ. అది మాత్రం ఇయ్యను."

"ఇవ్వకపోతే మీ పొయ్యి అనుమతి రద్దవుతుంది."

"చద్దన్నం తిని బతుకుతాను."

డెబ్భై ఆరేళ్ళ మనిషితో వాదించడం ధ్రువికకు చేతకాలేదు. "ఎందుకు మామ్మగారూ, అందులో ఏముంది?" అంది చివరికి.

హాసినమ్మ ఆమెను దొడ్లోకి తీసుకువెళ్ళింది. వంటింటికి ఎడంగా, గాలాడే చోట, కొబ్బరిచెట్ల మొదట్లో గోనెపట్టా కింద ఉంది చిన్న బండ. చుట్టుపక్కల నిప్పేమీ లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, మర రవ్వంత తిప్పి వెంటనే కట్టేసింది. బుస్సుమంది.

ధ్రువిక కొంగు ముక్కుకు అడ్డుపెట్టుకుంది. "అబ్బ! ఎలుక చచ్చిందా ఏంటండీ?"

"ఎలుకంటావేంటే మా ఆయన్ని!"

ధ్రువిక గబుక్కున కొంగు దించేసింది.

"ఆయన పేరు సాత్విక్. పేరే సాత్వికం, ఒళ్ళంతా ఈ కంపే. ఈ లంకంతటికీ సైకిలు మీద బండలేసింది ఆయనే. బండ దించేసి తన దారిన పోయే రకం కాదు. గొట్టం బిగించి, సబ్బు నురగ పూసి, బుడగ లేస్తందా లేదా అని కూచుని చూసేవాడు. ఆనక ముక్కు ఆనించి వాసన చూసేవాడు. అందుకే చొక్కాలకి పట్టేసేది. సాయంత్రం ఏటి గాలితో పాటు ముందు కంపొచ్చేది, ఆ వెనక సైకిలు గంట వినబడేది. కంపు రాంగానే నేను గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని." హాసినమ్మ బండ మీద చెయ్యి వేసింది. "చొక్కాలు ఉతికేస్తే పోయింది. ఫొటోలో కనపడతాడు గాని వాసన రాదుగా. ఆయన పోయిన రోజున ఏడాదికోసారి, ఒక్క గుక్క. అంతే."

ధ్రువిక కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉలిక్కిపడి వంటింటి కిటికీ వైపు చూసింది. గాలి తిన్నగా అటే వీస్తోంది.

"మామ్మగారూ, బిళ్ళ అరవలేదేం?"

"అవునే! దానిక్కూడా జాలి కలిగిందేమోలే."

ధ్రువిక లోపలికి పరుగెత్తింది. "క్షేమం," అని బిళ్ళ తీయగా చెప్పింది. దాని ముఖమంతా మందంగా పసుపు. మధ్యలో గంధం, కుంకుమ బొట్టు.

"ఇదేంటండీ?"

"దసరాకి పూజ చేశాం. కొడవలికి చేస్తాం, కుట్టుమిషనుకి చేస్తాం, ఇల్లు కాచేదానికి చెయ్యకపోతే ఎట్టా? కిందటేడు గాలివానలో మేఘన కూతుర్ని కాపాడిందిగా. అప్పుడు మొక్కుకున్నాం. ఈ ఏడు లంకంతా నూనెలో పసుపు కలిపి పూశాం."

ధ్రువిక తడిగుడ్డతో తుడిచింది. జల్లెడలోకి ఇంకిన నూనె ఊడిరాలేదు. పక్కింటికి వెళ్ళి చూసింది. అక్కడా అదే పసుపు, కింద బాణలిలో బొగ్గయిన పోపు. ఆ బిళ్ళల్ని చేసినవారు వేడినీ తడినీ తుప్పునూ ఊహించారు. మనిషి దాన్ని దేవుణ్ణి చేసి ముక్కు మూసేస్తాడని ఊహించలేదు.

"నూట నలభై ఇళ్ళు! పన్నెండు రోజుల్లో దీపావళి," అంది ధ్రువిక తిరిగొచ్చి.

ఆ మాటకు హాసినమ్మ నేలకేసి చూసింది. గ్యాసు గాలికన్నా బరువు, నేలను పట్టుకుని పాకుతుంది. దీపాలు పెట్టేదీ నేలమీదే.

అప్పుడే మేఘన కూతురు, ఆరేళ్ళ మిహిర, దొడ్డిదారిన పరుగెత్తుకొచ్చింది. "మామ్మా! ఇందాక కొత్త వాసనొచ్చింది మీ దొడ్లోంచి! ఏదది? ఇంకోసారి!"

పెద్దవాళ్ళిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. ఆ పిల్ల కంపును వెతుక్కుంటూ వచ్చింది.

సాయంత్రానికి లంకలోని బండలన్నీ కట్టేయించారు. కొత్త బిళ్ళలు పంపుతామని, ఇకమీదట లంకల గ్యాసులో మళ్ళీ కంపు కలుపుతామని, దీపావళికి ముందే ఆ బండలు వస్తాయని శాఖవారి కబురొచ్చింది. ధ్రువిక ముఖం మాత్రం తేలికపడలేదు.

"కలిపితే ఏం లాభం? అది గ్యాసు కంపని ఇక్కడ ఎవరికి తెలుసు? తెరమీద పాఠం పంపుతారట. వాసన చూసే యంత్రం ఉంది గాని, చూపించే యంత్రం ఎవరూ చెయ్యలేదు మామ్మగారూ." ఆమె చూపు చిన్న బండ మీదికి వెళ్ళి, సిగ్గుపడి వెనక్కి వచ్చింది.

హాసినమ్మ బండను వంచి, కదిపి, లోపల ఎంతుందో చేత్తోనే చూసుకుంది. "నా ఆయుష్షుకి సరిపోద్దనుకున్నా," అంది. తర్వాత, "ఇసకతిన్నె మీదయితే గాలాడతది. అందర్నీ రమ్మను. అగ్గిపెట్టెలు, ఫోన్లు ఒడ్డునే పెట్టి రమ్మను," అంది.

ఆదివారం పొద్దున లంకంతా తిన్నె మీద చేరింది. హాసినమ్మ పీట మీద కూర్చుంది.

"ఇది వస్తే ముందు స్విచ్చు ముట్టుకోకూడదు. వెయ్యనూ వద్దు, ఆర్పనూ వద్దు. పెద్దోళ్ళు బండ మర కట్టెయ్యాలి, తలుపులు బార్లా తియ్యాలి, బయటికి రావాలి. పిల్లలు మాత్రం తిన్నగా బయటికే. తెలిసిందా?"

"తెలిసింది!"

ఒక్కో ఇంటివారూ వచ్చారు. ఒక్కో బుస్సు. మేఘన ముఖం చిట్లించి, "ఇంత కంపుతో మావయ్యని ఎట్టా భరించావత్తా?" అంది.

"నీ మాడిన పోపుకన్నా నయమేలే," అంది హాసినమ్మ.

పిల్లలు ముక్కు మూసుకుని, కేకలు పెడుతూ ఏటి ఒడ్డుకు పరుగెత్తారు. సరిగా పరుగెత్తనివాళ్ళను హాసినమ్మ వెనక్కి పిలిచి మళ్ళీ వాసన చూపించింది. నూట నలభై ఇళ్ళయ్యేసరికి బుస్సు సన్నబడింది. అందరికంటే చివర మిహిర మిగిలింది. మర పూర్తిగా తిప్పినా చిన్న నిట్టూర్పంత వచ్చి ఆగిపోయింది.

"ఛీ, కంపు!" అని మిహిర తుర్రుమంది.

తిన్నె ఖాళీ అయింది. ధ్రువిక కూడా పిల్లల వెంట వెళ్ళింది. ఏటి గాలి ఒక క్షణం తగ్గి, ఆ చివరి వాసన హాసినమ్మ చుట్టూ నిలిచింది. చొక్కా భుజం మీది చెమట, సైకిలు, సబ్బు నురగ ఆరిన వేళ్ళు. ఆవిడ కళ్ళు మూసుకుంది.

"మామ్మా! నువ్వు పరిగెత్తవేంటి?" దూరం నుంచి మిహిర అరిచింది. "కంపొస్తే పరిగెత్తాలన్నావుగా!"

హాసినమ్మ కళ్ళు తెరిచింది. పరుగెత్తుతున్న పిల్లలందరూ ఆగి, వెనక్కి తిరిగి ఆవిడనే చూస్తున్నారు. ఆవిడ ఉంటే తామూ ఉండవచ్చేమో అన్నట్టు ఒకరిద్దరు ఇటు అడుగేశారు కూడా.

హాసినమ్మ లేచింది. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, ఆ వాసనకు వీపు తిప్పి, ఇసకలో కూరుకుపోతున్న కాళ్ళతో పిల్లల వైపు పరుగెత్తింది.