పెట్టమన్న గొంతు

నంద్యాలలో స్టేషను రోడ్డు పక్కనున్న దేవసహాయం రేడియో అంగడిలో రాసిపెట్టని చట్టం ఒకటుండేది. ఒకడు పెట్టె కడుపులో చెయ్యి పెడితే, రెండోవాడు ప్లగ్గు పీకి పిడికిట్లో పట్టుకోవాలి. లోపల చెయ్యి పెట్టినవాడు 'పెట్టు' అంటేనే మళ్ళీ పెట్టాలి. మధ్యలో దేవుడే దిగొచ్చి చెప్పినా సరే, పెట్టకూడదు. ఆ చట్టం మీదనే దేవసహాయం, అబ్రహాము పదకొండేళ్ళు బతికినారు. కరెంటు పనిలో స్నేహమంటే అంతే మరి, ప్రాణం ఎదుటోని గుప్పిట్లో ఉంటుంది.

అట్లాంటి అబ్రహాము ఎనభై ఏడులో ఒక సోమవారం, ఇద్దరూ కలిసి కొనుక్కున్న, కరెంటు కొలిచే మీటరు సంచిలో వేసుకొని, చెప్పాపెట్టకుండా ఆళ్ళగడ్డ బస్సెక్కినాడు. మళ్ళీ తిరిగి రాలేదు.

ఆ రోజు దేవసహాయానికి ఒళ్ళు పేలిపోయే జ్వరం. మధ్యాహ్నమంతా మగతలో పడున్నాడు. "జ్వరంలో గుడక అంగడి పనేనా నీకు? పెట్టు, పెట్టు అని ఒకటే కలవరిస్తాంటివి," అని భార్య కృపావతి తర్వాత నవ్వింది. లేచి అంగడికి పోతే మీటరూ లేదు, మనిషీ లేడు. ఆళ్ళగడ్డలో సొంతంగా అంగడి తెరిచినాడంట అని ఎవరో అన్నారు. ఇంకేముంది, దేవసహాయం కడుపు భగ్గుమంది. తమ్ముడని పక్కన కూర్చోబెట్టుకొని విద్య నేర్పినందుకా ఇది! తిన్నింటి వాసాలు లెక్కపెట్టినాడని బజారంతా చాటినాడు. అబ్రహాము భార్య అరుణకుమారి ఎదురైతే మొగం తిప్పుకున్నాడు. ఆమె కూడా ఒక్క మాట అడగలేదు. దొంగ పెండ్లాం ఏ మొగం పెట్టుకొని అడుగుతుందిలే అనుకున్నాడు.

నాలుగు నెలలకు ఆళ్ళగడ్డ నుంచి కబురొచ్చింది. అక్కడ సినిమా హాలు పక్కన రామనాథం శెట్టి మద్రాసు నుంచి పాత వీడియో గేమ్ పెట్టె ఒకటి తెచ్చి పెట్టినాడు. బొమ్మ వస్తుందట, శబ్దం రాదట. దేవసహాయం మరుసటి రోజే బస్సెక్కినాడు. రిపేరు ఎట్లా పోతే ఏం, ఆ ఊరి బజారులో అబ్రహామును కాలరు దొరకబుచ్చుకొని ఒక్క మాట అడగాలి. ఎందుకురా అని.

"రామనాథం శెట్టి ఎవురప్పా?" అని గడప దగ్గర అడిగినాడో లేదో, కుర్చీలో ఉన్న శెట్టి చేతిలో టీ ఒలికిపోయింది. మొగం చూడకుండా, దూరం నుంచి ఏదో వింటున్నట్టు తల పక్కకు వంచినాడు.

"నీ గొంతు యాడనో ఇన్న్యానప్పా."

"యాడా ఇనుండవు. నేను నంద్యాల నుంచి వస్తాండా. నాకన్నా ముందు ఎవురన్నా చెయ్యి పెట్టినారా దీంట్లో?"

"ఎవురూ రాలే," అన్నాడు శెట్టి. మరీ తొందరగా అన్నాడు.

బయట ఎండ మాడ్చేస్తోంది. లోపలి గది మాత్రం చీకటి గుహ. బొమ్మ బాగా కనబడాలని కిటికీలకు నల్లగుడ్డలు మేకులేసి కొట్టించినాడు శెట్టి. దుమ్ము వాసన, ఎలకల వాసన, వాటి అడుగున ఎక్కడో వెంట్రుకలు కాలిన వాసన. గోడ అవతల హాల్లో మ్యాట్నీ నడుస్తోంది. ఉండుండి జనం ఈలలు వినబడుతున్నాయి. పెట్టె మనిషెత్తు ఉంది. ప్లగ్గు పెట్టే చోటు చెక్కగోడకు ఆ పక్క, ముందు గదిలో ఉంది. అక్కడ నిలబడినవాడికి లోపలి మనిషి కనబడడు, మాట మాత్రం వినబడుతుంది.

దేవసహాయం ముందు కరెంటు పెట్టించి చూసినాడు. బొమ్మ చక్కగా వచ్చింది. వాల్యూము దగ్గర వేలు ఆనిస్తే స్పీకరు బుర్రుమనాలి. అనలేదు. స్పీకరు తీగలు ఊడదీసి టార్చి సెల్లుకు తగిలిస్తే టక్కుమంది. అంటే స్పీకరు బాగుంది, జబ్బు సౌండు బోర్డుకే.

"ప్లగ్గు పీకి చేతిలో పట్టుకో శెట్టీ. నేను పెట్టు అనేదాకా పెట్టగాకు."

"పట్టుకున్న్యా," అంది గోడ అవతలి గొంతు. ఎందుకో వణికింది.

స్పీకరును నేల మీద పడేసి, దేవసహాయం భుజం దాకా చెయ్యి పెట్టెలోకి దూర్చినాడు. టార్చి వెలుగులో బోర్డు మీద ఎర్రగా ఒక చుక్క కనబడింది.

లక్క.

పని చేసిన అతుకు మీద లక్క చుక్క వేసి, గోటితో సిలువ గీయడం అబ్రహాము అలవాటు. ఇక్కడ చుక్క ఉంది. నిలువు గీత ఉంది. అడ్డగీత లేదు.

టార్చి కిందికి తిప్పినాడు. పెట్టె అడుగున, దుమ్ములో, తోలు పట్టీతో మీటరు. ఇద్దరూ కలిసి కొన్న మీటరు. దాని తీగలు కరిగి ముద్దయిపోయి ఉన్నాయి.

ఎవరూ రాలేదన్నాడే...

"అన్నా..."

మాట నేల మీద నుంచి వచ్చింది. స్పీకరులో నుంచి. దాని తీగలు దేనికీ తగిలించి లేవు.

"అన్నా... చెయ్యి తీయ్."

సన్నగొంతు. అబ్రహాముదే. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. మరుక్షణం అదే స్పీకరు ఇంకో గొంతుతో, బొంగురుగా, గట్టిగా అంది.

"పెట్టు."

దేవసహాయం సొంత గొంతు అది.

గోడ అవతల ప్లగ్గు పెట్టిన చప్పుడైంది. ఇంతకుముందు చెయ్యి ఉన్న చోట నీలంగా మెరిసి ఫట్టుమంది.

మీటరు సంచిలో దోపుకొని బయటికి ఉరికినాడు. శెట్టి చొక్కా పట్టుకున్నాడు.

"ఎవురు పెట్టమన్యారు నిన్ను?"

"నువ్వే గదప్పా అంటివి!"

"నేను నోరు తెరవలే. ఈ మీటరు ఎవురిదో చెప్పు. వాడు యాడుండాడు?"

శెట్టి చేతులు జోడించినాడు. "నా తప్పేం లేదప్పా... నాలుగు నెలల కింద, అన్నకు జ్వరమని ఒక్కడే వచ్చె ఆ పిల్లోడు. ప్లగ్గు నా చేతిలోనే ఉండె. లోపల నుంచి పెట్టు అని ఇనబడె. ఆ పిల్లోనిది సన్నగొంతు. ఆ మాటేమో బొంగురుగా ఉండె. అనుమానం వచ్చె, అయినా పెడితి. ఒక్క చణమే. భయపడి పీనుగును ఊరి పక్క వక్కిలేటి ఇసకలో పూడ్చేస్తి."

"బొంగురు గొంతా?"

"నీదేనప్పా. ఇందాక గడప కాడ నువ్వు మాట్లాడ్తానే నా గుండె ఆగిపాయ." శెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ పిల్లోడు గుడక గుర్తుపట్టినాడు. పోయే ముందు ఒకటే మాట అన్యాడు. ఎందుకన్నా... అని."

నంద్యాల దాకా బస్సులో దేవసహాయం ఏడుస్తూనే ఉన్నాడు. దొంగన్నాడు. ద్రోహి అన్నాడు. వాడేమో అన్నే చంపినాడనుకుంటూ పోయినాడు. అట్లా పోయి కూడా, ఈ రోజు చెయ్యి తీయమన్నాడు! పోలీసులకు చెప్పాలి. దానికంటే ముందు అరుణకుమారి కాళ్ళు పట్టుకోవాలి.

ఆమె వాకిట్లో కూర్చొని చాటలో బియ్యం ఏరుకుంటోంది.

"అమ్మా... అబ్రహాము..."

"లేడు. తెలుసులేన్నా," అంది, తల ఎత్తకుండా. "నువ్వే చెప్తివి గదా."

"నేనా?"

"ఆయన పోయిన సోమారమే. మధ్యాన్నం గోడ అవతల నిలబడి, నీ మొగుడు ఇంక రాడమ్మా అంటివి. బయటికొచ్చి చూస్తే నువ్వు లేవు. మళ్ళ నువ్వే ఊరంతా ఆయన్ను దొంగంటివి. అన్నీ తెలిసి ఎందుకట్ల చేస్తివన్నా?"

ఆ సోమవారం మధ్యాహ్నం అతను మంచం మీద ఉన్నాడు. జ్వరంతో. కలవరిస్తూ...

తాను కాదని చెప్పాలి. చెప్పడానికి ఒక అడుగు ముందుకేసినాడు.

"నేను కాదమ్మా."

మాట బొంగురుగా, స్పష్టంగా, అతని భుజాన మీటరున్న సంచిలో నుంచి వచ్చింది. అరుణకుమారి ఏరడం ఆపి తల ఎత్తింది.

దేవసహాయం ఇంకా నోరు తెరవలేదు.