పెట్టెలో తట్టే దెయ్యం

టెక్కలి దాటాక రోడ్డు పక్కన ధనరాజ్ కొలిమి షెడ్డు ఉన్నాది. రాత్రి పదకొండు దాటితే అటు కుక్క కూడా పోదు. కొలిమిలో పెట్టిన ఇనప పెట్టెలోంచి ఎవడో తడతాడట... టక్... టక్... అని. డిగ్రీలు సదివినోళ్ళు కూడా నమ్మీసినారు, ఏటి సెప్తాం!

అక్కడ పని ఇదీ. బోల్టుల్ని క్రోమియం పొడిలో పాతి, పెట్టెకి సీలేసి, కరెంటు కొలిమిలో పది గంటలు ఎర్రగా కాల్చాల. అప్పుడే క్రోమియం ఉక్కు లోపలికి దిగి, తుప్పట్టకుండా కాస్తాది. దెయ్యం పుణ్యమా అని పనోళ్ళంతా పదకొండుకే ఇళ్ళకి పరుగు. ఆ తరవాత కాపలా ఓనరు ధనరాజ్ ఒక్కడే. పాపం, ఎంత గుండె ధైర్యమో!

భావనపాడు దానమ్మ మాత్రం ఆ రాత్రి కదల్లేదు. నాకు సెప్పింది ఆవిడే. కిందటిసారి ఇక్కడ పూతేయించిన పడవ ఇంజిను బోల్టులు రెండు నెల్లకే తుప్పట్టి, నడి సముద్రంలో తెగిపోనాయి. మొగుడు సూరయ్య రెండు రోజులు కొట్టుకుపోయి, సావు తప్పించుకొని ఒడ్డుకొచ్చినాడు. ఇప్పుడు పెట్టెలో ఉన్నవి కొత్త బోల్టులు. ఎల్లుండి సూరయ్య మళ్ళీ సేపల ఏటకెళ్ళాల.

అందుకే దానమ్మ గోనె సంచుల ఎనకాల నక్కి కూకున్నాది. పదకొండయ్యింది... పనోళ్ళు ఎలిపోనారు... లైటు ఆరింది... అరగంట పోయింది.

టక్...

దానమ్మ సేతులు జోడించింది. "కూర్మనాథా... తండ్రీ..."

టక్... టక్...

పరుగెడదామని లేచింది. లేచి, ఆగింది. ఈ సప్పుడు తనకి తెలుసు! పొయ్యి మీంచి దించిన పెనం సల్లారతన్నప్పుడు ఇలాగే—

సల్లారడమేటి? ఏడింటికి కదా ఎట్టినారు, తెల్లారి ఐదు దాకా కాలాల!

ఎళ్ళి సూస్తే కొలిమి స్విచ్చు ఆపేసున్నాది. పక్కన బెంచీ మీద దుప్పటి ముసుగెట్టి గుర్రు... దెయ్యం కథ పుట్టించిన మహానుభావుడు, ధనరాజ్.

"ఒరే, నీ మొకం మండ! పది గంటలు కాల్చాల్సింది నాలుగ్గంటల్లోనే ఆపీసినావేటి?"

ధనరాజ్ ఉలిక్కిపడి లేచాడు. "సిన్నగా మాటాడు దానమ్మా... పైకి మెరుస్తాది గదా, కరెంటూ మిగుల్తాది. లోపలెవుడు సూస్తాడు?"

"ఎండుసేపలమ్మే దాన్ని, నాకు సెప్తావా! ఉప్పు పైపైన రాసి ఎండేస్తే లోపల కుళ్ళిపోతాది."

"మొదటి నాలుగ్గంటల్లోనే క్రోమియం సగానికి పైగా దిగిపోతాది. ఆ తరవాత నెమ్మదే..."

"అయితే మిగతా సగం దారి నా మొగుడు ఈదుకుంటూ రావాలేటి? సరే, ఈ బోల్టులే బిగిస్తాను. ఎల్లుండి పడవలో నువ్వూ ఎక్కు."

ధనరాజ్‌కి ఈత రాదు. ఒక్క గెంతులో పోయి స్విచ్చేసినాడు. తెల్లారిందాకా కన్ను మూయలేదు.