నీళ్ళ కుండ లేని స్కానింగ్ సెంటర్

నారాయణగూడ చౌరస్తాలో ఎర్రలైటు పడింది. స్కూటర్ ఆపి నిలబడ్డ పీరయ్య వీపు మీద ఎవరో చెయ్యేసి, పాత స్నేహితుడిలా పలకరించి వెళ్ళిపోయారు. పచ్చలైటు పడినా స్కూటర్ కదల్లేదు. వెనక బస్సు డ్రైవరు తిట్టిన తిట్లన్నీ ఒక శవానికి తగిలాయి.

పంచనామా రాసినవాళ్ళు గుండెపోటన్నారు. వీపు మీది సూదిపోటు వాళ్ళకు కనబడలేదు. ఆ తర్వాత, బోర్డు లేని ఒక డిపార్ట్‌మెంట్ మనుషులు వచ్చి, పీరయ్య టిఫిన్ డబ్బాలో పెరుగన్నం అడుగు నుంచి బూడిదరంగు పింగాణీ బిళ్ళ ఒకటి బయటికి తీశారు.

ఆ డిపార్ట్‌మెంట్ అశోక్‌నగర్‌లో ఉంది. కింద ‘విజయపథం గ్రూప్ వన్ కోచింగ్’ అని బోర్డు, పైన చీఫ్ రామచంద్రరావు గది. వచ్చిన చిక్కల్లా, కుర్రాళ్ళు నిజంగానే చేరడానికి వచ్చేస్తుంటారు. సీట్లు నిండిపోయాయని చెప్పి పంపడానికే ఒక మనిషిని పెట్టారు.

"ఏమిటో చెప్పు," అన్నాడు చీఫ్, బిళ్ళను టేబుల్ మీద దొర్లిస్తూ.

"పింగాణీ బిళ్ళ సార్," అన్నాడు ఏజెంట్ రాఘవేందర్.

"క్రిస్టల్. కరెంటిస్తే వణికి శబ్దం పుట్టిస్తుంది. శబ్దం వచ్చి తగిలితే కరెంటు పుట్టిస్తుంది. నోరూ ఇదే, చెవీ ఇదే. మన చెవికందనంత సన్నటి శబ్దమయ్యా, అల్ట్రాసౌండ్! నీళ్ళలోకి పంపితే జలాంతర్గామికి తగిలి వెనక్కి వస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో చూసుకుంటే దూరం తెలుస్తుంది. యుద్ధం కోసం పుట్టిన విద్య ఇది. తర్వాత స్కాట్లాండ్‌లో ఒక డాక్టరు, ఇనుములో పగుళ్ళు వెతికే యంత్రాన్ని తెచ్చి ఆడవాళ్ళ పొట్ట మీద పెట్టి చూశాడు. మన స్కానింగ్ అక్కణ్ణించి వచ్చిందే."

"అయితే ఇది స్కానింగ్ మిషన్‌దా సార్?"

"కాదు. బిళ్ళ పల్చనైతే శబ్దం సన్నం. పొట్టలో బిడ్డ వేళ్ళు కూడా కనబడతాయి. ఇది మందం. సముద్రం కోసం మన ల్యాబ్‌లో తయారైంది. పీరయ్య అక్కడ టెక్నీషియన్, దొంగ. చిక్కడపల్లిలో ‘శుభధ్వని’ అని ఒక సెంటర్ ఉంది. బస్తీ ఆడవాళ్ళకు ఉచిత స్కానింగ్. నడిపేవాడు హెల్మ్ అనే విదేశీయుడు. పీరయ్య దొంగిలించి తెచ్చే ఈ బిళ్ళల్ని పొట్ట మీద ఆనించే స్కానింగ్ ప్రోబ్‌లో దాచి, రిపేరు పేరుతో దేశం దాటిస్తున్నాడు. పీరయ్య నోరు మూయించి, ఇవాళ తనే తీసుకుని పోతున్నాడు. లోపల మన డబుల్ ఏజెంట్ ఉంది. కోడ్: ట్యాంక్‌బండ్ మీద గాలెట్లుంది? జవాబు: ఉప్పగుంది."

"నేనెట్ల పోవాలె సార్?"

"ఒక గర్భిణిని వెంటబెట్టుకుని అన్నలా వెళ్ళు."

చీఫ్ ఒక పేజరు, చొక్కా గుండీలో దాచిన కెమెరా ఇచ్చాడు. పోయిన మిషన్‌లో ఆ గుండీ ఊడి సాంబార్‌లో పడింది. అయినా మళ్ళీ అదే ఇచ్చాడు.

వీధి చివర కడుతున్న బిల్డింగ్‌లో ఇటుకలు మోసే నర్మద నిండు గర్భిణి. పాలమూరు నుంచి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉంటోంది. ఉచిత స్కానింగ్ అనగానే ఆమె అత్త తిమ్మమ్మ రాఘవేందర్ చెయ్యి పట్టుకుంది.

"మంచిగ జూపియ్యి బిడ్డా. పోయిన కాన్పుల పిలగాడు దక్కలే. ఇప్పుడు మల్ల జరజర నెత్తురు కనవడ్తుందంటది. లోపట ఎట్లున్నదో, గదొక్కటి తెల్సుకొని రా."

మిషన్ కోసం ఆ ఇంటి భయాన్ని వాడుకుంటున్నందుకు రాఘవేందర్‌కు తన మీద తనకే కోపం వచ్చింది. స్కానింగ్ నిజంగానే చేస్తారు కదా అని సర్దిచెప్పుకున్నాడు.

శుభధ్వనిలో ఏసీ ఉంది, సోఫాలున్నాయి, గోడ మీద నవ్వే పసిపాప ఫోటో ఉంది. కుండ మాత్రం లేదు. రాంనగర్‌లో నలుగురు అక్కచెల్లెళ్ళ మధ్య పెరిగిన రాఘవేందర్‌కు అది వెంటనే కంటబడింది. ఏ స్కానింగ్ సెంటర్లోనైనా మూలన నీళ్ళ కుండ ఉంటుంది. "ఇంకో గ్లాసు తాగమ్మా" అని వెంటపడే ఆయా ఉంటుంది. ఆపుకోలేక మోకాళ్ళు దగ్గరికి నొక్కుకుని కూర్చున్న ఆడవాళ్ళుంటారు. మూత్రసంచి నిండితేనే దాని వెనకున్న గర్భసంచి సరిగ్గా కనబడుతుంది.

"నీళ్ళు తాగుమన్లేదా చెల్లె?"

"వద్దన్నరన్న. తాగితె పాయిఖాన అడుగుతమట. బస్తోళ్ళు లోపటి పాయిఖానకు పోవద్దని గా తెల్లదొర తాళమేపిచ్చిండు. నేనైతె ఆగలేక ఇప్పుడే గోడెన్కకు పొయ్యొచ్చిన."

నెలలు నిండిన ఆడవాళ్ళను గోడ వెనక్కి తోలి, దానికి ఉచిత సేవ అని పేరు! రాఘవేందర్ పళ్ళు నూరుకున్నాడు.

లోపలికి పిలిచారు. నర్మద భయపడుతోందని అన్ననూ రానిచ్చారు. షిఫాన్ చీర, ఎర్రటి లిప్‌స్టిక్, గది నిండా సెంటు వాసన. డాక్టర్ మహిత సినిమా పోస్టర్ మీద ఉండాల్సిన మనిషి. పొట్ట మీద జెల్లీ పూసి ప్రోబ్ ఆనించింది. తెర మీద చిన్న తల, టపటపా కొట్టుకునే గుండె కనబడ్డాయి.

"పాప హాయిగా ఉందమ్మా. అంతా నార్మల్."

నర్మద కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అన్నా, గుండె కొట్టుకుంటుంది చూడు!"

రాఘవేందర్ చూశాడు. బిడ్డ పక్కన నల్లగా, పెద్దగా, గుండ్రంగా ఒక సంచి ఉంది. శబ్దం నీళ్ళలో అడ్డం లేకుండా దూసుకుపోతుంది, వెనక్కి రాదు. అందుకే నీళ్ళుంటే తెర మీద నలుపు. అది నిండు మూత్రసంచి. మరి ఈ పిల్ల ఇప్పుడే గోడ వెనక్కి వెళ్ళొచ్చిందే!

"చెల్లె, జర గట్టిగ దగ్గు."

నర్మద దగ్గింది. పొట్ట అదిరింది. ప్రోబ్ అదిరింది. తెర మీద బొమ్మ మాత్రం చెక్కు చెదరలేదు. వంగి చూస్తే బల్ల కింద వీసీఆర్ తిరుగుతోంది.

మహిత అతన్ని పరదా చాటుకు లాగింది. "ట్యాంక్‌బండ్ మీద గాలెట్లుంది?"

రాఘవేందర్‌కు తమ మనిషి ఈమేనని అప్పుడు తెలిసింది. "ఉప్పగుంది," అన్నాడు.

"థాంక్ గాడ్! బిళ్ళలున్న ప్రోబ్ హెల్మ్ బ్యాగులో ఉంది. ఇక్కడున్నది ఖాళీ డొప్ప."

"బ్యాగు సంగతి తర్వాత. గా బొమ్మ ఎవరిది?"

"ఎవరిదో. ఫారిన్ క్యాసెట్."

"వచ్చినోళ్ళందరికి గదే జూపిస్తున్నవా? చీఫ్‌కు తెల్సా?"

"మొదట్నుంచీ తెలుసు. హెల్మ్ చిక్కేదాకా కవర్ చెడకూడదన్నారు. ఇది నేషనల్ సెక్యూరిటీ, మిస్టర్ రాఘవేందర్."

"ఆమెకు నెత్తురు వడ్తుంది. నువ్వు నార్మల్ అంటివి. ఇంటికి పొయ్యి సస్తె గది ఎవరి సెక్యూరిటీ?"

పరదా అవతల నుంచి నర్మద కేక వినబడింది. బల్ల మీది తెల్లగుడ్డ ఎర్రబడుతోంది.

అదే క్షణంలో పక్కగది తలుపు తెరుచుకుంది. తోలుబ్యాగు చంకన పెట్టుకుని హెల్మ్ బయటికి నడిచాడు. నర్మద వైపు ఒకసారి చూశాడు. "క్లీన్ ఇట్," అన్నాడు మహితతో. రాఘవేందర్ నడుముకున్న పేజరు మోగింది. చీఫ్ మెసేజ్: ‘ఎయిర్‌పోర్ట్ దాకా వెంబడించు. ముందుగా ముట్టుకోవద్దు. వేరే పనులు పెట్టుకోవద్దు.’

రాఘవేందర్ పేజరు తీసి గోడకేసి కొట్టాడు. నర్మదను రెండు చేతులా ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. మ్యాట్నీ వదిలిన వేళ. ఖాళీ ఆటో ఒక్కటీ లేదు. కదలడానికి సిద్ధంగా ఉన్నది హెల్మ్ కారొక్కటే. డ్రైవరును కాలర్ పట్టి బయటికి లాగి, వెనక సీట్లో హెల్మ్ పక్కన నర్మదను పడుకోబెట్టి, స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ముందు తలుపు తెరుచుకుంది. మహిత.

"నేనూ వస్తాను."

"ఎక్కు. నిజం బొమ్మ ఎట్లుంటదో చూద్దువు."

కారు దూకింది. హెల్మ్ జేబులోంచి కలం తీసి మూత విప్పాడు. మొనలో సూది. పీరయ్య వీపులో దిగింది అదే. అద్దంలో రాఘవేందర్‌కు అది కనబడేసరికి మెడకు బెత్తెడు దూరంలో ఉంది. స్టీరింగ్ వదిలితే ఎదురుగా బస్సు.

సరిగ్గా అప్పుడే నర్మదకు నొప్పి వచ్చింది. నొప్పిలో చేతికందింది పట్టుకుంది. అందింది హెల్మ్ మణికట్టు. ఏళ్ళ తరబడి ఇటుకలు మోసిన పట్టు అది. ఎముక పటుక్కుమంది. హెల్మ్ కెవ్వుమన్నాడు. కలం కింద పడింది. మహిత దాన్ని చెప్పుతో తొక్కిపట్టింది.

సర్కారు ప్రసూతి ఆసుపత్రిలో కుసుమ అనే డాక్టరు ప్రోబ్ ఆనించింది. ఇక్కడి తెర పాతది, బొమ్మ మసక. కానీ నర్మద మూలిగినప్పుడల్లా ఆ మసక కూడా కదిలింది.

"మాయ కిందికొచ్చి దారికడ్డంగా ఉంది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కారు." డాక్టరు తలెత్తి గట్టిగా అడిగింది, "అంతా నార్మల్ అని ఈమెకు చెప్పిన గాడిద ఎవరు?"

మహిత తల వంచుకుంది. ఎవరూ ఆమెను ఓదార్చలేదు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా ఇద్దరూ దక్కారు. తోలుబ్యాగు, లోపలి బిళ్ళలు, విరిగిన చేతితో హెల్మ్, అన్నీ ఆసుపత్రి గేటు దగ్గరే పోలీసులకు చిక్కాయి. అయినా చీఫ్ శాంతించలేదు. ఫోన్లో నిప్పులు చెరిగాడు.

"ఆర్డర్ ధిక్కరించావు! పేజరు పగలగొట్టావు! పోనీలే, క్యాసెట్ సంగతి మాత్రం బయటికి పొక్కకూడదు. అది టాప్ సీక్రెట్."

"మిగతా ఆడోళ్ళ సంగతేంది సార్? నిజం స్కానింగ్ ఎవరు చేపిస్తరు?"

"అది మన పని కాదయ్యా."

రాఘవేందర్ ఫోన్ పెట్టేశాడు. కబురందుకుని వచ్చి వార్డు బయట కూర్చున్న తిమ్మమ్మ దగ్గరికెళ్ళి, పక్కన కూలబడి, మొదటి నుంచి చివరిదాకా అంతా చెప్పాడు.

మర్నాడు పొద్దున ఆసుపత్రి వరండాలోని ఫోన్‌కు అతని కోసం పిలుపొచ్చింది. వెనక నుంచి గోల వినబడుతోంది. బల్లలు గుద్దుతున్నారు. అందరికన్నా పైన తిమ్మమ్మ గొంతు: "ఏడున్నడు మీ పెద్దసారు? మా పిల్లలకు ఎవని బొమ్మ జూపిచ్చిండ్రు? నిజం స్కానింగుకు దవాఖానకు మోటరు పెడతవా, నన్నే మెట్లెక్కి పైకి రమ్మంటవా?"

"రాఘవేందర్!" అన్నాడు చీఫ్, గోలకు మించి అరుస్తూ. "కవాడిగూడ బస్తీ మొత్తం కోచింగ్ సెంటర్లో దిగింది. అందరూ నెలలు నిండినవాళ్ళే. మంచినీళ్ళడుగుతున్నారు, బాత్రూమ్ ఎక్కడంటున్నారు! ఈ అడ్రస్ వీళ్ళకు ఎవరిచ్చారు?"

"అది టాప్ సీక్రెట్ సార్," అన్నాడు రాఘవేందర్. "ముందైతే నీళ్ళియ్యుండ్రి."